నలభై ఆరో రికార్డింగు

గిద్దలూరు,
21-06-2025, శనివారం.

చి.ల.సౌ. చెల్లెలు నాగజ్యోతికి,

అన్న గోపాలకృష్ణ దీవించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టడం పద్ధతి కాబట్టి రాశాను. నా వరకు అది సగమే నిజం. వారం రోజులుగా నా కాలు ఒకచోట నిలవడం లేదు. ఈ ఉత్తరమే మూడుసార్లు రాసి చించేశాను. పెళ్లికార్డులు వేయాల్సిన కాగితమంతా ఉత్తరాలకే అయిపోయేట్టుందని మీ వదిన సరళ దెప్పుతోంది.

ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు. ఎత్తవని తెలిసీ మొన్న రెండుసార్లు చేశాను. అందుకే ఈ కాగితాన్ని నాయన మాటలున్న డ్రైవుతో పాటు ఒకే పెట్టెలో పెట్టి కురిచేడుకు పంపుతున్నాను. డ్రైవు కోసం పెట్టె విప్పక తప్పదు, విప్పితే ఉత్తరం చూడక తప్పదు. అన్నగా నాకు మిగిలిన తెలివి ఇంతే.

నాయన మాటల రికార్డింగులన్నీ నీకూ కావాలని, ముఖ్యంగా ఆయన పోయిన రోజు పొద్దున చేసింది ఏడాది తిరిగేలోపల వినాలని సరళతో చెప్పి పంపావు. అడిగే హక్కు నీకుంది. నాయన వెంట జీవాలను కొండకు తోలుకుపోయినదానివి నువ్వు. నేను చిన్నప్పటి నుంచీ నీడ చూసుకుని కూర్చున్నవాణ్ణి.

ముందు ఈ డ్రైవుల సంగతి చెప్పాలి. రెండేళ్ల కిందటి ఎండాకాలంలో కరెంటు పోతూ వస్తూ కంప్యూటర్ లోపలి హార్డ్ డిస్క్ చచ్చింది. మూడేళ్లుగా వేసిన కార్డులన్నీ అందులోనే పోయాయి. తల పట్టుకుని కూర్చుంటే, కాలు విరిగి మంచం మీదున్న నాయన ఏందిరా అట్లున్నావు అని అడిగాడు. చెప్పాను. అన్నీ ఒక్క దొడ్డిలో తోలితే ఎట్లరా, రోగమొస్తే గొర్రెపిల్ల గూడా మిగలదు, సగం ఇంకో ఊర్లో పెట్టుకోవాల అన్నాడు. కంప్యూటర్ ముట్టుకోని మనిషి చెప్పిన మాటనే మరునాడు స్టేషన్ రోడ్డులో కంప్యూటర్లు బాగుచేసే క్రాంతి కుమార్ కూడా చెప్పాడు. అరచేతిలో పట్టే డ్రైవులు రెండు కొనిపించాడు. ఒకదానిలో ఏది పెడితే అది రెండోదానిలోకి దానంతటదే పోయేట్టు అమర్చాడు. ఒకటి చెడినా ఇంకొకటి ఉంటుంది. ఆ రోజు నా ప్రాణం కుదుటపడింది.

ఆ ధైర్యంతోనే నాయనను మాట్లాడించి ఫోన్లో రికార్డు చేయడం మొదలుపెట్టాను. డ్రైవుల్లోకి ఎక్కించాక ఫోన్లోంచి తీసేసేవాణ్ణి. మన గొర్రెపిల్లల చెవులకు గుర్తుగా పెట్టే కోత ఎక్కడ ఎంత ఉండాలో చెప్పాడు. ఏ గొర్రె ఏ గొర్రెకు పుట్టిందో ఏడు ఈతల దాకా చెప్పాడు. జీవాలను వెనక్కి మళ్లించే ఈల వేయబోయి పళ్లు లేక నవ్వాడు. అట్లా మొత్తం నలభై ఆరు.

ఇదిగో, మళ్లీ లేచి వెళ్లి డ్రైవు వేడెక్కిందేమో చేత్తో పట్టి చూసి వచ్చాను. పొద్దుటి నుంచి ఇదే పని.

జ్యోతీ, నీకు పంపే డ్రైవులో నలభై ఐదే ఉన్నాయి. నువ్వు అడిగినదే లేదు. పోయిన ఆదివారం నీకోసం సర్దుతుంటే నా చేతిలో పోయింది. ఒకదానిలో పోతే రెండోదానిలో ఉంటుందిలే అనుకున్నాను. జీవాలు కాసిన ఇంట్లో పుట్టినవాడి లెక్క అది. ఈ దొడ్డిలో గొర్రెను తీస్తే ఆ దొడ్డిలో గొర్రె ఎందుకు పోతుంది? తెరిచి చూస్తే అందులోనూ లేదు.

క్రాంతి దగ్గరికి పరుగెత్తాను. అన్నా, అది అద్దం మాదిరి, నువ్వు తల గొరిగించుకుంటే అందులో జుట్టు ఉంటాదా, నేను ఆ రోజే చెప్పినా గదా అన్నాడు. చెప్పే ఉంటాడు, నేనే వినలేదు. తీసేసిన వెంటనే ఏమీ ముట్టుకోకుండా ఉంటే దొరికేదట. నేను కంగారులో ఇంట్లో ఉన్న ఫొటోలన్నీ ఇవి కూడా పోతాయేమోనని వాటిలోకే ఎక్కించాను. కాపాడబోయి పోయినదాని మీద మన్ను పోశాను. మార్కాపురంలో ఇలాంటివి వెతికి తీసేవాడి దగ్గరికి రెండుసార్లు తిరిగితే పదకొండు సెకన్లు దొరికాయి. వింటే ఫ్యాను చప్పుడు. అందులో నాయన లేడు.

మిగిలినవన్నీ మూడో డ్రైవులో నేనే చేత్తో కాపీ చేసి బీరువాలో పెట్టాను. దానికి అద్దం పని లేదు. నీది నీ ఇంట్లోనే ఉంచుకో. విన్నాక పీకేసి పక్కన పెట్టు, దేనికీ తగిలించి ఉంచవద్దు. పన్నెండోది ముందు విను, నువ్వు వాగులో పడితే పొట్టేలు కొమ్ము పట్టుకుని బయటికి వచ్చిన కథ. సంవత్సరీకానికి రా. నాతో మాట్లాడకపోయినా సరే, వచ్చి వెళ్లు.

కోపమున్నా లేకపోయినా,
నీ అన్న
గోపాలకృష్ణ

తా.క.: పెట్టెకు టేపు చుట్టి మళ్లీ విప్పాను. కొరియర్ ఐదింటికి మూస్తారు, నాలుగు దాటింది.

అది చేయి జారి పోలేదు. నేనే తీసేశాను. నీకు పంపేదానిలో మాత్రం తీసేసి, నా దానిలో దాచుకుందామనుకున్నాను. నాయన చివరి గొంతు చెరపడానికి నాకు చేతులు రాలేదు, నీకు వినిపించడానికీ ధైర్యం రాలేదు.

అది నాలుగు నిమిషాలది. నాయన మొదట జ్యోతి బయల్దేరిందా అని అడిగాడు. కాసేపటికి మళ్లీ నీ గురించే, పాపకు బస్సు దొరికిందో లేదో కనుక్కోరా అన్నాడు. ఆ తర్వాత కొండ మీద పిలిచినట్టు నిన్ను పేరుపెట్టి పిలవబోయాడు, గొంతు చాలలేదు. ప్రతిసారీ అందులో నా గొంతే జవాబు చెబుతుంది. ఫోన్ చేసినా నాయనా, రానని చెప్పింది అని.

ఉన్నట్టుండి పోయాడు, కబురు పెట్టే వ్యవధి లేకపోయింది అని నీకు చెప్పాను. అబద్ధం. నాలుగు రోజులు నిన్నే అడిగాడు. నిన్ను అడగకుండా నేను జీవాలను అమ్మేశాననే కదా నువ్వు నాతో మాట మానేశావు. నాయనకు మాత్రం అవి పెద్దారవీడులో వెంకటకృష్ణ మామ దొడ్డిలో ఉన్నాయనే చెబుతూ వచ్చాను. నువ్వు వస్తే ఆ మాట ఆయన ముందు బయటపడుతుందని భయపడి ఫోన్ చేయలేదు. ప్రాణం పోయాక చేశాను.

ఆయన నా మాట నమ్మాడు జ్యోతీ. నువ్వు రానన్నావనే అనుకుంటూ పోయాడు.