ఏ దేవుడికి మొక్కారు?

దిల్‌సుఖ్‌నగర్,
జూన్ 8.

చిరంజీవి రవితేజకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేము క్షేమం. అక్కడ మీ ముగ్గురి క్షేమం నిన్ననే కళ్లారా చూశాను కాబట్టి అడగను. మెట్రోలో పావుగంట దూరంలో ఉన్న కొడుక్కి ఉత్తరమేమిటని నవ్వకు. ముప్పై ఎనిమిదేళ్లు తపాలా శాఖలో చేసినవాణ్ని. పైగా ఈ మాట మనవడు అభిరామ్ ముందు అడగలేను. ఫోనులో అడిగితే నువ్వు స్పీకరు పెడతావు.

నిన్న వాడు రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు, సీతాకోకచిలుక క్లిప్పు, చేతినిండా గాజులతో వచ్చాడు. పై వాటా త్రినాథరావు చూసి "మీ మనవరాలు ఎంత ముద్దుగా ఉందండీ!" అన్నాడు. నేను "థాంక్సండీ" అన్నాను. అలా ఎందుకన్నానో నాకే తెలియదు. అప్పట్నుంచీ కాఫీ కూడా సహించడం లేదు. పుట్టువెంట్రుకలు ఏడాదికే తీయించాం కదా, యూకేజీ చదివే మగపిల్లాడికి మళ్లీ ఈ జడలేమిటి? కారణం రాయి.

ఇట్లు,
నాన్న, రామమోహనరావు.

తా.క.: రిబ్బన్లు కొన్నది మీ అమ్మేనని నాకు తెలుసు. నాకు తెలుసని ఆవిడకు తెలియదు. నువ్వు చెప్పకు.

మన్సూరాబాద్, ఎల్.బి. నగర్,
జూన్ 11.

పూజ్యులైన నాన్నగారికి నమస్కారాలు.

మూడు మెట్రో స్టేషన్లు దాటడానికి మీ ఉత్తరానికి మూడు రోజులు పట్టింది.

మీరు కంగారు పడాల్సిందేమీ లేదండి, అది మొక్కు. పోయినేడు మీరూ అమ్మా విజయవాడలో చెల్లి సింధు దగ్గర ఉన్నప్పుడు అభికి జ్వరం వచ్చింది. తగ్గితే జుట్టు పెంచుతామని మొక్కుకున్నాం. దేవుడి విషయం కదా అని ఎక్కువగా బయటపెట్టలేదు. స్కూల్లోనూ అపార్ట్‌మెంట్‌లోనూ ఇదే చెప్పాం. అందరూ అర్థం చేసుకున్నారు. మీరు నిశ్చింతగా కాఫీ తాగండి.

ఇట్లు మీ కుమారుడు,
రవితేజ.

తా.క.: గాజులు కూడా మొక్కులో భాగమే.

మరో తా.క.: ఈ ఆదివారం వాడు పరికిణీ కట్టుకుని రావచ్చు. అది కూడా.

దిల్‌సుఖ్‌నగర్,
జూన్ 15.

చిరంజీవి రవితేజకు ఆశీస్సులు.

మొక్కా! ఆ ముక్క ముందే చెప్పొద్దూ? వెంటనే త్రినాథరావు చెవిన వేశాను. నిన్న పరికిణీ ఎత్తిపట్టుకుని మెట్లెక్కుతున్న అభికి ఆయన పక్కకు జరిగి చెప్పులు విప్పి దండం పెట్టాడు. వాడు బిత్తరపోయి నా వెనక దాక్కున్నాడు.

ఇంతకీ ఏ దేవుడికి మొక్కారు? అసలు సంగతి రాయనే లేదు. పెద్ద అంబర్‌పేట్‌కు ఫోన్ చేసి మీ అత్తగారు అండాలమ్మగారిని అడిగాను. "మా ఇంటి దేవుడు గుట్ట నరసింహస్వామే గద అన్నయ్యా, ఇంకెవలకు మొక్కుతరు!" అన్నారు. మంచిరోజు కూడా చూసేశాం. జూలై 5, ఆదివారం. యాదగిరిగుట్టలో అభికి గుండు చేయించి మొక్కు తీర్చేద్దాం. పద్దెనిమిది మందికి టెంపో మాట్లాడాను.

మరొక మాట. జుట్టు మొక్కుకునేంత జ్వరం వస్తే కన్నవాళ్లకు చెప్పరా? అదేం జ్వరం? వివరంగా రాయి.

ఇట్లు,
నాన్న.

తా.క.: పరికిణీ అడిగే దేవుడెవరో మా గుడి పంతులుగారికీ తెలియలేదు. పుస్తకాలు తిరగేసి చెప్తానన్నారు.

మన్సూరాబాద్,
జూన్ 18.

పూజ్యులైన నాన్నగారికి నమస్కారాలు.

దయచేసి టెంపో వద్దని చెప్పండి. మొక్కు గుట్టకు కాదు, తిరుపతికి. అదీ వాడికి పదేళ్లు నిండాక.

జ్వరం మామూలుదే. కొంచెం పెద్దది. అంటే డెంగీ లాంటిది, డెంగీ కాదు. ప్లేట్‌లెట్లు కాస్త తగ్గి మళ్లీ పెరిగాయి. ఇప్పుడేమీ లేదు. మీరు దాని గురించి అసలు ఆలోచించకండి.

ఇక్కడ ఇంకో చిక్కు వచ్చింది. జ్వరం తగ్గించే మొక్కని విని, అభి క్లాసులో చదివే మధు వాళ్లమ్మ కూడా వాడికి జుట్టు పెంచుతోంది. మధు రోజూ ఏడుస్తున్నాడట.

ఇట్లు మీ కుమారుడు,
రవితేజ.

తా.క.: అత్తగారు గుండు సంగతి ఫోనులో అభికి చెప్పేశారు. అప్పట్నుంచీ వాడు ఇంట్లో నా హెల్మెట్ పెట్టుకునే తిరుగుతున్నాడు.

దిల్‌సుఖ్‌నగర్,
జూన్ 22.

చిరంజీవి రవితేజకు.

డెంగీ లాంటిది, డెంగీ కాదు అంటే ఏమిటి? దానికొక పేరుంటుందా, ఉండదా? నీ ఉత్తరం మీ అమ్మకు చూపించలేదు. బియ్యం డబ్బా వెనక దాచాను.

తిరుపతి సంగతి అండాలమ్మగారికి చెప్పాను. "ముందుగాల ఇంటి దేవునికి ఇయ్యాలె. తిరుపతికి తర్వాతైనా పోవచ్చు. గని పోరనికి గంత బాగలేకుంటే నా బిడ్డ కన్నతల్లినైన నాకు చెప్పకపోవుడేంది అన్నయ్యా? జర గట్టి బీమారే అయుంటది" అని ఫోనులో ఏడ్చారు. ఏడుస్తూనే టెంపో ఖాయం చేశారు. ఆవిణ్ని ఆపడం నా వల్ల కాదు.

పిల్లాడి రిపోర్టులన్నీ జిరాక్సు తీయించి పంపు. నేను మనసు గట్టి చేసుకున్నాను. ఏదైనా ఉన్నది ఉన్నట్టు రాయి.

ఇట్లు,
నాన్న.

తా.క.: హెల్మెట్ పెట్టమన్నది డాక్టరేనా? తలకేమైంది?

మన్సూరాబాద్,
జూన్ 26.

పూజ్యులైన నాన్నగారికి.

రిపోర్టులు లేవు. జ్వరం రెండు రోజులది, సిరప్‌తో తగ్గిపోయింది. వాడి తలకేమీ కాలేదు. మొక్కు కూడా లేదు. తిరుపతికీ లేదు, గుట్టకూ లేదు.

అభికి జుట్టు పెంచుకోవడం ఇష్టం. జడలు, గాజులు, పరికిణీ ఇష్టం. అంతే. మీ కోడలు అరుణజ్యోతి మొదట్నుంచీ "ఇష్టమని చెప్పు, ఏమైతది?" అంటూనే ఉంది. నేనే చెప్పలేకపోయాను. కోచింగ్ సెంటర్లో రెండొందల మంది ముందు మైకు పట్టుకుని లెక్కలు చెప్తాను. మీరు ఒక్క ప్రశ్న అడిగేసరికి దేవుణ్ని అడ్డం పెట్టుకున్నాను. ఇష్టమంటే నవ్వేవాళ్లు మొక్కంటే దండం పెడుతున్నారు. ఆ సుఖానికి అలవాటు పడ్డాను.

మొన్న హెల్మెట్‌తోనే అన్నానికి కూర్చున్నాడు. "దేవుడికి నా జుట్టెందుకు నాన్నా? ఆయనకు బోలెడుంది కదా" అంటూ గోడ మీద క్యాలెండరు చూపించాడు. చూశాను. పొడుగు జుట్టు, చేతులకు కడియాలు, చెవులకు లోలాకులు, పట్టుబట్టలు. వాణ్ని కాపాడుతున్నాననుకుంటూ నేనే భయపెట్టాను నాన్నా. చాలా సిగ్గుగా ఉంది.

పిల్లల డాక్టర్ని కూడా అడిగాం. "పిల్లాడు హుషారుగా ఉన్నాడు. పెద్దయ్యాక ఎలా ఉండాలో వాడే చెప్తాడు. ఈలోపు జుట్టుకు నూనె సరిగ్గా రాయండి" అన్నారు. కోప్పడాలనుకుంటే నన్ను కోప్పడండి. వాడి జుట్టు మాత్రం తీయించను.

ఇట్లు మీ కుమారుడు,
రవితేజ.

తా.క.: మధు వాళ్లమ్మకూ నిజం చెప్పేశాను. మధు ఆ సాయంత్రమే కటింగ్ చేయించుకుని, అభికి ఒక చాక్లెట్ తెచ్చి ఇచ్చాడు.

దిల్‌సుఖ్‌నగర్,
జూలై 6.

చిరంజీవి రవితేజకు నాన్న, అమ్మల ఆశీస్సులు.

నీ ఉత్తరం గేటు దగ్గరే నిలబడి చదివాను. "అంతే" అన్న మాట దగ్గర అక్కడే మెట్ల మీద కూర్చున్నాను. కూర్చుని ఏడ్చాను. మీ అమ్మ కంగారుపడి త్రినాథరావును కేకేసింది. "మా మనవడికి ఏ జబ్బూ లేదండీ, జుట్టంటే ఇష్టమట, అంతేనట!" అన్నాను. "మంచి మాటే కదండీ, మరి ఏడుస్తారేం?" అన్నాడాయన. ఆయనకెలా చెప్పను?

నువ్వు ఆ డెంగీ కాని డెంగీ గురించి రాసిన నాటి నుంచీ ఏదో పెద్ద రోగం మా దగ్గర దాస్తున్నావనే అనుకున్నాను. హెల్మెట్ అన్నాక ఇక తట్టుకోలేకపోయాను. పిల్లాడు గట్టిగా ఉంటే నా తలనీలాలిస్తానని, మీ అమ్మకు కూడా చెప్పకుండా, గుట్ట స్వామికి మొక్కుకున్నాను. నీది ఉత్తుత్తి మొక్కు. నాది అసలు మొక్కు.

అందుకని నిన్న టెంపో వెళ్లింది. మీ ముగ్గురికీ చెప్పొద్దని నేనే అందరితో ఒట్టు వేయించాను, అభి మళ్లీ భయపడతాడని. కల్యాణకట్టలో క్షురకుడు "పిల్లగాడేడీ?" అని అడిగితే, అండాలమ్మగారు నా భుజం పట్టి ముందుకు తోసి "గీయనే" అన్నారు. నిజం తెలిశాక ఆవిడ అన్నది ఒక్కటే మాట. "రోగం లేదు, గంతే చాలు. జడలేసుకుంటే ఏసుకోనీ. నూనె నేను రాస్త."

నువ్వు నాతో అబద్ధమాడినందుకు కోపం ఉంది. నాకు నిజం చెప్పడానికి నా కొడుకు అంత భయపడ్డాడంటే తప్పు నాది కూడా, అది ఒప్పుకుంటున్నాను. పది రోజులు ఏమవుతుందోనని వణికినవాణ్ని. ఇప్పుడు వాడు జడలేసుకుంటే నాకేమిటి, రెండు కాకపోతే నాలుగు వేసుకోనీ. ఇకమీదట ఎవరైనా అడిగితే ఇష్టమనే చెప్తాను. నువ్వూ అదే చెప్పు.

ఇట్లు,
నాన్న, రామమోహనరావు.

తా.క.: ఈ ఉత్తరం అందేలోపే నీకు తెలిసిపోతుందేమో. ఇందాక అభి వాళ్లమ్మ ఫోనులోంచి వీడియో కాల్ చేశాడు. నా గుండు చూసి ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకున్నాడు. తర్వాత మెల్లగా, "తాతా, ఎవరైనా బలవంతంగా తీశారా, నీకిష్టమేనా?" అని అడిగాడు. ఇష్టమేనన్నాను. "అయితే బాగుంది" అన్నాడు.