కుడికాళ్లకు మాత్రమే మంజూరు

పురానాపూల్, 3 ఆగస్టు 1954

పూజ్యులైన మామయ్యగారికి మేనల్లుడు ప్రభాకర్ నమస్కరించి వ్రాయునది.

మాదన్నపేట నడిచి వచ్చేంత దగ్గరే. కానీ నోటిమాట మీద పైసా మంజూరు చేయకపోవడం లెక్కల ఆఫీసులో మీ ముప్పయ్యేళ్ల నియమం కనుక ఉత్తరం వ్రాస్తున్నాను. మా ఫుట్‌బాల్ జట్టు వట్టికాళ్లతో వరుసగా ఏడు ఆటలు ఓడింది. 22న చాంద్రాయణగుట్ట జట్టు చేతిలో కూడా ఓడితే పోటీల కమిటీవారు జాబితాలోంచి మా పేరు కొట్టేస్తారు. పదకొండు జతల బూట్లు ఇప్పించగలరు. బి.ఏ.లో స్టాటిస్టిక్స్ చదివినందుకు రుజువుగా, ఎవరు ఏ కాలితో ఎన్నిసార్లు తన్నారో లెక్క జతపరిచాను.

విధేయుడు, ప్రభాకర్

తా.క. మంజూరయ్యేదాకా బంతికి గాలి కొట్టడం కూడా వాయిదా వేశాం.

మాదన్నపేట, 7 ఆగస్టు

చిరంజీవి ప్రభాకర్‌కు అనంతపద్మనాభం ఆశీస్సులు.

లెక్కలు మూడుసార్లు కూడి చూశాను. సరిపోయినవి. తొమ్మిదిమంది కుడికాలితోనే తన్నుచున్నారు. గుండయ్య ఒక్కడే ఎడమకాలితో. గోల్‌కీపరు సీమోను కాలికి ఏడు ఆటల్లో బంతి తగలనే లేదు. కనుక కుడి బూట్లు తొమ్మిది, ఎడమది ఒకటి మంజూరు. సీమోనుకు లేదు. పనిచేయని కాలికి భత్యం ఇచ్చే పద్ధతి ఏ ఆఫీసులోనూ లేదు.

ఇట్లు, మీ మామయ్య

తా.క. "రెండోకాలు ఏం పాపం చేసింది?" అని మీ అత్తయ్య అడుగుతున్నది. వ్రాతపూర్వకంగా అడగమన్నాను.

పురానాపూల్, 13 ఆగస్టు

మామయ్యగారికి నమస్కారాలు.

బూట్లు అందినవి. పదిమందీ కుంటుతూ ప్రాక్టీసు చేస్తున్నారు. "ఏంది భాయ్ గిది? గుడి ముంగట ఒక్క చెప్పు పోగొట్టుకున్నోళ్ల లెక్క ఉన్నం!" అన్నాడు మల్లన్న. అదే సమయానికి చాంద్రాయణగుట్ట జట్టు సెక్రటరీ రామలింగం చూడ వచ్చి, "గిదేం కొత్త తీరు ఆట?" అన్నాడు. పరువు కోసం "స్టాటిస్టిక్స్" అన్నాను. "బూట్లు ఎవరిచ్చిన్రు?" అంటే మీ పేరు చెప్పాను. నోటుబుక్కులో రాసుకుపోయాడు. దుకాణంలో జతలుగానే అమ్ముతారు కనుక మిగిలిన ఎనిమిది ఎడమ బూట్లు మీ ఇంట్లోనే ఉండాలి. దయచేసి పంపండి.

మీ ప్రభాకర్

తా.క. బూట్లు మంజూరు కాకపోతే కనీసం సెలవైనా ఇప్పించమంటున్నాడు సీమోను.

పురానాపూల్, 22 ఆగస్టు

మామయ్యగారికి,

మీ జవాబు రాలేదు. అయినా ఒకటి–సున్నాతో గెలిచాం! గోలు గుండయ్యది. మా పేరు నిలిచింది. విచిత్రమేమంటే అవతలివారు ఎనిమిదిమంది ఎడమకాలికే బూటు తొడిగి, అలవాటు లేని ఆ కాలితోనే తన్నారు. బంతి రెండుసార్లు మూసీలో పడింది.

మీ ప్రభాకర్

తా.క. మీరే ప్రార్థన చేశారని మల్లన్న నమ్మకం.

మాదన్నపేట, 26 ఆగస్టు

చిరంజీవి ప్రభాకర్‌కు,

ప్రార్థన చేయలేదు. నీ ఉత్తరం వచ్చిన మర్నాడే రామలింగం మా ఇంటికి వచ్చి, "మాకు గూడ ఒక్కొక్క బూటు ఇప్పించుండ్రి సార్" అన్నాడు. ఎడమవే ఉన్నాయన్నాను. "ఒక్కటే గద కావాల్సింది, ఏదైతేంది?" అన్నాడు. వద్దని రెండుసార్లు చెప్పాను. చెప్పినప్పుడల్లా ధర పెంచాడు. చివరికి ఎనిమిది ఎడమ బూట్లను తొమ్మిది జతల ధరకు తీసుకున్నాడు. రసీదు ఇచ్చాను. కనుక మీ జట్టు మీద నా ఖర్చు సున్న.

ఆశీస్సులతో, మామయ్య

తా.క. నిన్న రామలింగం మళ్లీ వచ్చాడు. ఇప్పుడు మీ కాళ్లకున్న కుడి బూట్లు కావాలట, రెట్టింపు ధరకు. వట్టికాళ్లతో మీరు ఆడిన ఏడు ఆటల్లో ఎన్ని గోల్సు కొట్టారో లెక్క వెంటనే పంపవలసింది.