పెంచుకునే పూచ్చి

మంగళవారం రాత్రి, పెరంబూరు

నా ఫైటర్ చేప పిల్లలకు మేతగా మిద్దె మీద తొట్టిలో మొయినాలను పెంచుతున్నాను. నువ్వుగింజలో సగం కూడా లేని నీటిపురుగులవి. ఆ రాజ్యంలోకి హైడ్రాలనే శత్రుసేన చొరబడింది. తెల్ల దారప్పోగుల్లా తొట్టి గోడలకు అతుక్కుని మొయినాలను భోంచేస్తోంది. చేపల దగ్గరికి చేరితే పిల్లలనూ వదలదు.

పొద్దున ఆఫీసుకు పరిగెడుతూ అమ్మతో అన్నాను: "మా, తొట్టిలో పూచ్చి పడింది. వచ్చి తీస్తా."

పూచ్చి అంటే పురుగు; అమ్మ భాషలో కదిలేదంతా పూచ్చే. నేను వచ్చేసరికి తొట్టి నీళ్ళన్నీ పాత చీర గుడ్డలో వడగట్టి, మళ్ళీ తొట్టిలోనే పోసింది. "పూచ్చంతా తీసేసినా. నీళ్ళు ఎంత సుద్దంగా ఉండాయో చూడు!"

చూశాను. మొయినా ఒక్కటీ లేదు. గోడల మీద శత్రుసేన సకుటుంబంగా క్షేమం.

"మా, నువ్వు తీసింది పెంచుకునే పూచ్చి!"

"ఈ ఇంట్లో పెంచుకునే పూచ్చి నువ్వొక్కడివే అనుకున్నా కదరా."

గుడ్డ జాడించిన బకెట్ కరివేపాకు చెట్టు పక్కనే ఉంది. అందులో కొన్ని మొయినాలు ఇంకా ఎగురుతున్నాయి. నడుము పడిపోయేదాకా ఇంక్ ఫిల్లర్‌తో ఒక్కొక్కటే పట్టి ఊరగాయ సీసాలో వేశాను. అవి రేపు ఒక్క పూటకు కూడా చాలవు. అన్నీ పెట్టేస్తే మళ్ళీ పెంచడానికి విత్తనం ఉండదు, పెట్టకపోతే చేప పిల్లలుండవు.

పడుకోబోతూ అమ్మ సీసాను లైటు ముందు ఎత్తి చూసింది. "ఈడ అడుగున తెల్ల దారముందే, నా గుడ్డదా?"

గుడ్డదే అయ్యుండాలి దేవుడా. లేచి చూసే ఓపిక లేదు...