నాన్న మీద నాన్నే పెంచిన పాట

ఎల్క్‌ఫోర్డ్, నెబ్రాస్కా
అక్టోబరు, 1954

ప్రియమైన అమ్మకు,

ఇక్కడ మేమందరం క్షేమంగానే ఉన్నాం. అందరం అంటే నేను, నాన్న, నీ కోళ్ళు. ఒమహాలో నువ్వూ, అక్కా, కొత్తగా పుట్టిన పాపా కులాసాగా ఉన్నారని తలుస్తాను. పాపకి నాన్న ముక్కు వచ్చిందని రాశావు. పెద్దయ్యేసరికి సర్దుకుంటుందిలే, బెంగపడకు.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. నాన్న వేళకి తింటున్నాడు. వండేది ఎవరని నువ్వూ అడగలేదు, ఆయనా అడగలేదు. బల్ల మీదికి పళ్ళెం ఎలా వస్తోందో ఆయనకి పట్టదు. ఇదంతా నువ్వే వండిపెట్టి వెళ్ళావనుకుంటున్నాడేమో! గొంతుకి తేనె మాత్రం మరచిపోకుండా తాగుతున్నాడు.

నేను వేలం పాట నేర్చుకోవడం ఎంతవరకు వచ్చిందని అడిగావు. ఏం చెప్పమంటావు? నాన్న రోజూ నన్ను కొట్టం ముందు నిలబెట్టి పందుల్ని ఉత్తుత్తిగా వేలం వెయ్యమంటున్నాడు. ఆయన నోరు తెరిస్తే ఊపిరి తీయకుండా పాట పరుగెడుతుంది. నేను నోరు తెరిస్తే పందులే నావంక జాలిగా చూస్తున్నాయి. మొన్న సంతలో కంగారుపడి మన ఆడపందినే దాణా కొట్టు హోబర్ట్‌కి కారుచవకగా ఇచ్చేశాను. "మా తాత పాడాడు, మా నాన్న పాడాడు, నేను పాడుతున్నాను. నీ నోట్లో ఏం పడి ఏడ్చిందిరా?" అని నాన్న సంతంతా వినేలా అరిచాడు. ఈ చలికాలం మిస్సోరీలో వేలందారుల బడికి పంపుతానని నా పేరు కూడా ఇచ్చేశాడు.

నిజం చెప్పాలంటే, అమ్మా, నేనేమిటో నాకే తెలియకుండా ఉంది. ఊళ్ళో ఎవరినడిగినా నేను డెల్మర్ హోల్స్ట్ కొడుకుని. అది తీసేస్తే ఇంకేం మిగులుతుంది? పిండి కలుపుతున్నంతసేపూ మాత్రం ఆ బాధ ఉండదు.

ఇక శనివారం చర్చి హాల్లో జరిగింది చెబుతాను. హోబర్ట్ ఈపాటికే నీకు ఫోన్ చేసి ఉంటే అందులో మూడొంతులు అబద్ధం, నా మాటే నమ్ము.

ఆడవాళ్ళు పళ్ళు పెట్టి కాల్చి తెచ్చిన 'పై' రొట్టెల వేలం కదా, చేసిందెవరో కొనేదాకా చెప్పకూడదన్న పాత నియమం ఈ ఏడూ వదల్లేదు. కొన్నవాడు చేసినావిడతో కూర్చుని తినాల్సిందే. పోయినేడు హోబర్ట్ పాస్టరుగారి అత్తగారి పక్కన ఇరుక్కుని ఎలా చెమటలు కక్కాడో నువ్వూ చూశావు. ఇంత తెలిసీ నేనొక యాపిల్ 'పై' రొట్టె చేసి, గుడ్డ కప్పి, ఎవరూ చూడకుండా బల్ల చివర పెట్టాను. ఎవరు చేశారో తెలియకుండా తింటున్నవాళ్ళ ముఖం దూరం నుంచి చూడాలని నా ఆశ. పక్కన కూర్చోవాలన్న సంగతి ఆ సంబరంలో తట్టనే లేదు.

వేలం పాడేది నాన్నే. నా దాని వంతు రాగానే గుడ్డ తీశాడు. పాట ఆగిపోయింది. అంచు జడలా అల్లి ఉంది మరి! ఊరు మొత్తంలో అలా అల్లేది నువ్వొక్కదానివే. నీ చెయ్యి చూసి నేర్చుకున్న చేతికి ఇంకో అల్లిక ఎక్కడిది?

"వచ్చేసిందయ్యా!" అన్నాడు నాన్న. "నాకు చెప్పకుండా మా లొరేనా వచ్చేసింది!"

హోబర్ట్ వేళాకోళానికి చెయ్యెత్తి ధర చెప్పాడు. నాన్న పెంచాడు. హోబర్ట్ చెయ్యి దించేశాడు. నాన్న ఆగలేదు. తన పాట మీద తానే పెంచాడు, మళ్ళీ పెంచాడు.

"డెల్మర్, నీకు పోటీ ఎవరూ లేరయ్యా!" అని పాస్టరుగారు మొత్తుకున్నారు.

"రమ్మనండి, చూస్తాను!" అని నాన్న సుత్తి కొట్టేశాడు.

ఆ తరవాత టోపీ తీసి, చేత్తో జుట్టు సవరించుకున్నాడమ్మా. "లొరేనా, ఇక రా, దాక్కుంది చాలు" అని గుమ్మం వైపే చూస్తూ నిలబడ్డాడు. నువ్వు వెళ్ళిన దగ్గర్నించి నీ పేరెత్తని మనిషి. నోరు మూసుకుంటే బయటపడేది కాదు. కానీ ఆయనని అలా చూడలేకపోయాను. పైగా నేను చేసినది నీ పేరు మీద పోవడం కూడా నాకు ఇష్టం లేకపోయింది. కోప్పడకు.

లేచాను. "అమ్మ రాలేదు నాన్నా. అది నేను చేశాను."

హాలు హాలంతా పగలబడి నవ్వింది. "పెళ్ళామనుకుని కొడుకుని కొన్నావేంటయ్యా డెల్మర్!" అని హోబర్ట్ కేక. "సుత్తి పడ్డాక సరుకు వాపసు లేదన్నది నువ్వే!"

నాన్న చెవులు ఎర్రబడ్డాయి. "రూలు రూలే" అంటూ దిగివచ్చి నా ఎదురుగా కూలబడ్డాడు. ఒక ముక్క తిన్నాడు. ఇంకో ముక్క తిన్నాడు.

"అంచు మీ అమ్మదే. లోపలిది కాదు. దాల్చినచెక్క ఏదిరా?"

"నాకు నచ్చదు. వెయ్యలేదు."

మూడో ముక్క తీసుకున్నాడు. "నాకూ నచ్చదు. పెళ్ళైన కాణ్నుంచీ నచ్చలేదు. మీ అమ్మకి చెప్పి చావకు."

ఆ ఊపులోనే, ఇంతవరకు నీకూ చెప్పనిది ఆయనకి చెప్పేశాను. లింకన్‌లో ఒక బేకరీలో పని అడిగానమ్మా. వచ్చే నెల రమ్మన్నారు. వేలం బడికి నేను వెళ్ళను, పాడే గొంతు నాకు లేదు అన్నాను.

"లేదు," అన్నాడు నాన్న. "ఉందని నేనెప్పుడూ అనుకోలేదు."

"మరెందుకు పంపుతున్నావు?"

"ఇంకేం చెయ్యాలిరా? నువ్వు దేనికి పనికొస్తావో నాకు తెలిసి చచ్చిందా? నా దగ్గరున్నది ఇదొక్కటే. అదే ఇద్దామనుకున్నాను."

ఆయనే మళ్ళీ, "బేకరీ వాళ్ళు కోడి కూయకముందే లేస్తారట. నిన్ను లేపాలంటే మొహాన నీళ్ళు కుమ్మరించాలి" అన్నాడు.

"లేస్తాను నాన్నా."

"ఏడిశావ్. సరే, వెళ్ళు."

దాల్చినచెక్క సంగతి నేను రాశానని ఆయన దగ్గర అనకు. నీ మీద బెంగ పెట్టుకున్నాడు, వీలైనంత త్వరగా వచ్చెయ్యి. ఆ రొట్టెలో మిగిలిన సగం ఇంటికి తెచ్చుకున్నాం. పొద్దున లేచి చూస్తే పళ్ళెం కడిగి బోర్లించి ఉంది. మన నాన్న, పళ్ళెం కడిగాడమ్మా! నాకొక్క ముక్కైనా ఉంచలేదు.

ఇట్లు,
పిండి అంటిన చేతులతోనే,
నీ కొడుకు
వెర్లిన్