బొంగురు గొంతు

తల్లీ ప్రిసిలా,

దేశమంతా నీ పాట పాడుతుంటే నీకింకా భయమెందుకు? నీకు పాట ఇచ్చిన దేవుడు నిద్రపోయాడనుకున్నావా?

ప్రభువు కృపతో ఇక్కడ తల్కవానో రేవులో మీ అమ్మా, నేనూ ఉన్నాం. వాన వదలడం లేదు. పడవలు రేవు దాటడం లేదు, నాకు వలలు బాగుచేసే పనీ లేదు.

మొదటి ఆల్బం అంత పేరు తెచ్చాక రెండోదానికి ఒక్క పాటా కుదరడం లేదని, డ్రమ్ములు వాయించే నావెల్ అలిగి వెళ్లిపోయాడని రాశావు. కంపెనీవాళ్లు మళ్లీ అలాంటిదే కావాలంటున్నారట. దేవుడు ఆకాశం నుంచి రాల్చిన మన్నా అయినా, నిన్నటిది దాచుకుంటే పురుగు పడుతుందని వాళ్లకు చెప్పు. నావెల్‌ను మాత్రం వెళ్లి పిలుచుకురా. అమ్మకు కోపం తగ్గిందా అని అడిగావు. చర్చిలో నేర్చిన గిటార్‌ను బార్లలో వాయిస్తున్నావని తిట్టడం మానలేదు. కానీ రేడియోలో నీ పాట వస్తే పొయ్యి మీద కూర మాడుతున్నా కదలదు.

ఇక నీ అసలు ప్రశ్న. వీధి మూల నిలబడి నేను అరిచిన ప్రసంగాన్ని రికార్డు చేసి ఆ పాట మధ్యలో పెట్టావు. కుర్రాళ్లంతా ఆ బొంగురు గొంతుకే వెర్రెత్తిపోయారు. కొత్త ఆల్బంలోనూ అలాగే అరవమన్నావు. దీనికి జవాబు రాస్తూ ఇప్పటికి నాలుగు కాగితాలు చింపాను.

మనవాళ్ల సంగతి నీకు తెలుసు. బోధకుడి గొంతు బొంగురుపోతే ఆత్మ దిగిందంటారు. "అబ్దియాస్ అన్నా, నీ గొంతులో నిప్పు రాజుకుంది!" అంటూ సంఘమంతా మూడేసిసార్లు "దేవునికి మహిమ!" అని కేకలు పెట్టేది. నేనూ నమ్మాను. నొప్పి మొదలైతే గొంతుకు నూనె రాసి ప్రార్థించారు. నేను ఇంకా గట్టిగా అరిచాను. మీ అమ్మే పోరింది: "దేవుడు నీకు నోరిచ్చాడు గానీ చెవులివ్వలేదయ్యా! నెత్తురు ఉమ్ముతున్నావు, ఆస్పత్రికి పద!"

వైద్యురాలు చిన్నపిల్ల. నేను నోరు తెరవగానే నవ్వింది. "తాతగారూ, ఈ గొంతు నాకు తెలుసు! నా ఫోన్లో ఉంది!" తర్వాత లోపలికి గొట్టం దించి చూసింది. మళ్లీ నవ్వలేదు. "ఆ పాటప్పటికే ఇలా ఉందా తాతా?" అంది. ఉందన్నాను.

క్యాన్సరమ్మా. నువ్వు ఇది చదివిన మర్నాడు ఉదయం స్వరపేటిక తీసేస్తారు. ఇక మాట ఉండదు. జనం మెచ్చిన ఆ గరగర నా రోగమే. ఫోన్లో వింటే పసిగడతావని నీ ఫోన్ ఎత్తలేదు. ఇందులో నీ తప్పేమీ లేదు, ఏడవకు. బైబిల్లో, దేవాలయంలో ధూపం వేస్తూ మూగవాడైన యాజకుణ్ణి తలచుకుంటున్నాను. అతనికి మాట తిరిగి వచ్చింది. నాకు రాదు. దేవునితో పోట్లాడుతూనే ఉన్నాను.

ఆ అరుపు నీకివ్వను, అడగకు. మిగిలిన గొంతుతో, నీ చిన్నప్పుడు జోకొడుతూ పాడిన కీర్తన మెల్లగా పాడగలను. నువ్వు పక్కన కూర్చుని అందుకుంటేనే. రికార్డు చేసుకుంటావో లేదో నీ ఇష్టం. నిన్ను పేరు పెట్టి నోరారా పిలవాలి, అంతే.

ఈ ఉత్తరం తెచ్చిన సెగుందో మావయ్య శాంతియాగోలో ఎండుచేపలు దించి, సాయంత్రానికల్లా లారీ వెనక్కి తిప్పుతాడు. కంపెనీవాళ్లకు ఏం చెప్పాలో తర్వాత ఆలోచించుకో. బట్టలు సర్దుకోకు. ఈ రోజే ఆ లారీ ఎక్కు తల్లీ!

ఇట్లు,
నీ కోసం గొంతు దాచుకుంటున్న నాన్న,
అబ్దియాస్