క్రాష్ రిపోర్టులో ముప్పై ఏడో పేజీ

జూన్ 3
ఇవాళ్టినుంచి కాగితం మీదే రాస్తాను. నేను తయారుచేసిన డైరీ యాప్‌ని నేనే నమ్మలేకపోతున్నాను.

జూన్ 3, మధ్యాహ్నం 3
సంగతేమిటంటే, ఏప్రిల్‌లో యాప్ మాటిమాటికీ ఆగిపోతుంటే కారణం పట్టుకుందామని రెండు లైన్ల కోడ్ పెట్టాను. ఆగిన ప్రతిసారీ, చివరగా టైప్ చేసిన పేజీ క్రాష్ రిపోర్టుతోపాటు ఆఫీసు మెయిల్‌కి వస్తుంది. పని అయ్యాక ఆ లైన్లు తీసేయాలి. తీయలేదు. నా తెలివి తెల్లారినట్టే ఉంది. "మీ రహస్యం మీ దగ్గరే" అని పైన రాసిపెట్టి, నలభై ఒక్కమంది గుట్టు ఓనర్‌తో సహా ఎనిమిదిమందికి పంపించాను.

అప్పట్లో బగ్ కోసం నాలుగు పేజీలు నేనూ చదివాను. మావాళ్లు టెస్టింగ్‌కి రాసిన పేజీలనుకున్నాను. ఇప్పుడు సిగ్గుతో తల ఎత్తలేకపోతున్నాను.

జూన్ 4, ఉదయం
మా అక్కచేత కూడా ఈ యాపే పెట్టించాను. ఇందాక ఫోన్ చేసింది. ఎత్తలేదు.

జూన్ 4
కంపెనీ లాయర్ మేడమ్‌ని అడిగాను. వాళ్లందరికీ వెంటనే చెప్పి తీరాలంది, దాస్తే అది రెండో తప్పవుతుందంది. మేనేజర్‌గారు మాత్రం కాఫీ ఊదుకుంటూ, గప్‌చుప్‌గా చెరిపేయమన్నారు. ఎవరికి తెలుస్తుందట. చెబితే యాప్ మూతపడుతుందట, అంతకంటే ముందు నా ఉద్యోగం పోతుందట. ఒళ్లు మండింది. అయినా తలూపి వచ్చేశాను, పిరికిదాన్ని.

జూన్ 5, ఉదయం 10
చెరపడానికి కూర్చున్నాను. లిస్టులో పేర్లుండవు, ఖాతా నంబరూ పేజీలో మొదటి రెండు ముక్కలూ కనిపిస్తాయి. ముప్పై ఏడోది ఇలా ఉంది: "జిమ్‌కని చెప్పి ఇవాళ కూడా పార్కింగ్‌లో కారులోనే పడుకున్నాను. బావమరిది కంపెనీలో మేనేజరుగిరీ కన్నా ఆ నిద్రే నయం, వాడొట్టి దద్దమ్మ."

మా ఓనర్‌కి ఉన్నది ఒక్క బావగారే.

జూన్ 5, 11
మేనేజర్‌గారి దగ్గరికి వెళ్లి చెప్పాను, సార్, మీదీ వచ్చిందని. ఎవరెవరు చూశారని అడిగారు. మెయిల్ ఎనిమిదిమందికి వెళుతుందని గుర్తుచేశాను. కప్పు కింద పెట్టేశారు. తర్వాత పావుగంటసేపు, తన గుట్టు ఎవరి చేతిలో పడిందో తెలుసుకోవడం ప్రతి మనిషి హక్కని నాకే క్లాసు పీకారు. సాయంత్రంలోగా అందరికీ రాసేయమన్నారు.

జూన్ 6
రాశాను. తప్పు నాదేనని, ఏది ఎవరికి చేరిందో దాచకుండా. తీరా చూస్తే ఓనర్ ఆ క్రాష్ మెయిళ్లు ఒక్కటి కూడా తెరవలేదట. మేనేజర్‌గారు నా వంక చూసిన చూపు ఇక్కడ రాయను.

జూన్ 7
ఇరవై తొమ్మిదిమంది యాప్ తీసేశారు. నా ఉద్యోగం సంగతి వచ్చేవారం తేలుస్తారట.

జూన్ 10
ఒకావిడ జవాబిచ్చింది. ఎలాగూ చదివేశారు కదా, తప్పు నాదా మా ఆయనదా చెప్పండి అని.

ఆవిడ పేజీ చదివాను. తప్పు ఆయనదే. ఆ మాట నేనెలా చెప్పను?