పెరిగే కాళ్ళ చెప్పులు

పొద్దున చెప్పుల మీద మనం పోట్లాడుకున్నాం కదా, నేనే గెలిచాను! "పెరిగే కాళ్ళు, రెండు వేళ్ళు పెద్దగనే కొనాలె" అని వాదించారు మీరు. ఆ చెప్పులు తట్టుకునే మన బిడ్డ రుక్కు బడి మెట్ల మీద పడింది. పరేషాన్ కాకండి, ఎముక విరగలేదు, చీలమండ బెణికింది. కట్టు కట్టించడానికి బండి మీద దవాఖానకు తీసుకుపోతూ మీకు ఈ చీటీ రాసి పెడుతున్నాను.

పప్పు ఉట్టి మీద ఉంది. తిన్నాక పిల్లికి అందకుండా మూత పెట్టండి. సాయంత్రం చెప్పులు కుట్టే సాయన్న వస్తాడు, కూర్చోబెట్టండి. మేము రాగానే రుక్కు బాగున్న కాలి కొలత ఇప్పిస్తాను. మీరు పక్కన నిలబడి "జరంత పెద్దగ" అనకండి.

పంతులమ్మ ఉరుకులాటదే తప్పంది. నేను పిల్లల కాళ్ళు చూశాను. ఈమధ్య పడి దెబ్బలు తగిలించుకున్న వాళ్ళందరివీ పెరిగే కాళ్ళ కోసం కొన్న పెద్ద చెప్పులే. ఉత్త కాళ్ళ పిల్లలు లేళ్ళలా ఉరుకుతున్నారు. అయితే ఒక్క విషయంలో మీరూ గెలిచారు. వాచిన కాలికి ఆ చెప్పు ఇప్పుడు సరిగ్గా సరిపోయింది! రుక్కూ నేనూ నవ్వలేక చచ్చాం.

చెప్పడం మరిచాను. రుక్కును ఇంటికి తెచ్చాక, పగటి అన్నాల దగ్గర అత్తమ్మ "ఒక్క మాట చెప్తున్న, ఇనుండ్రి" అంది. పిల్లను బడి మాన్పిస్తుందేమోనని నా చేతిలో ముద్ద ఆగిపోయింది. పుట్టి ఇన్నేళ్ళయినా చెప్పు తొడగని మనిషి, ఏమందో తెలుసా?

"పొల్లకు కొత్తయి కుట్టియ్యుండ్రి, బడికి పోవాలె. గా పెద్దయి నేను తొడుక్కుంట. నా కాళ్ళు ఇగ పెరుగయి గద!"